పేరు కొరకు వెదుకులాట: అమెరికా నల్లజాతీయుల వంశ చరిత్రకు ఆన్‌లైన్ ఆధారములు

చెర నుండి తిరిగి వచ్చిన యాజకులలో కొందరు వంశావళుల పుస్తకములో తమ పేర్లు వెదకి, అవి దొరకక యాజకత్వమునకు దూరమైన సంగతి ఎజ్రా 2వ అధ్యాయములో ఉన్నది. పేరు వ్రాయబడి ఉండుట ఎంత ముఖ్యమో దీనిని బట్టి గ్రహిస్తాము. అమెరికాలో బానిసలుగా ఉంచబడిన నల్లజాతీయుల సంతతివారు ఇటువంటి వెదుకులాటనే నేటికీ సాగిస్తున్నారు. వారికి ఇంటర్నెట్‌లో లభించే ఆధారములను, వాటిలో క్రైస్తవ సంఘము పాత్రను ఈ వ్యాసములో పరిశీలిస్తాము.

1870 అనే గోడ

1850, 1860 జనాభా లెక్కలలో బానిసలకు వేరే పట్టికలుండేవి. యజమాని పేరు క్రింద బానిస వయస్సు, లింగము, రంగు వ్రాసేవారు. బానిస పేరు సాధారణముగా వ్రాసేవారు కారు. విడుదల పొందినవారు దేశమంతటా పేర్లతో నమోదైన మొదటి జనాభా లెక్క 1870 నాటిది. అందుచేత పరిశోధకులు దీనిని గోడతో పోలుస్తారు. ఇంటి పెద్దలను అడుగుటతో మొదలుపెట్టి, ఒక్కొక్క తరము వెనుకకు నడుస్తూ ఈ గోడ వరకు రావాలి.

గోడకు అవతల

ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో (1865-1872) పత్రములలో కూలి ఒప్పందములు, వివాహములు, పాఠశాలల వివరములు ఉన్నవి. 2015-16లో వేలాది స్వచ్ఛంద సేవకులు వీటిలోని సుమారు 18 లక్షల పేర్లకు సూచిక తయారుచేశారు. ఫ్యామిలీసెర్చ్‌లో దానిని ఉచితముగా చూడవచ్చును. ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు (1865-1874) ఖాతా పుస్తకములు ఇంకా విలువైనవి. ఖాతాదారుని గుర్తించుటకై తలిదండ్రుల, తోబుట్టువుల, పిల్లల పేర్లు అడిగి వ్రాసినందున ఒక్క పుటలోనే మూడు తరములు కనిపించవచ్చును.

అంతకు ముందు కాలమునకు యజమానుల వీలునామాలు, ఆస్తి జాబితాలు వెదకాలి. అక్కడ పేర్లుంటాయి, కాని పశువుల, పనిముట్ల ప్రక్కన, వెల కట్టి ఉంటాయి.

సంఘము రెండు ముఖములు

1879 నుండి న్యూ ఆర్లియన్స్‌లోని ఒక మెథడిస్టు పత్రిక, అమ్మకములలో విడిపోయిన తల్లులను, బిడ్డలను వెదకే ప్రకటనలను ప్రచురించింది. కాపరులు వాటిని ఆరాధనలో చదివి వినిపించాలని కోరింది. ఆ ప్రకటనలు నేడు 'లాస్ట్ ఫ్రెండ్స్' పేరుతో ఆన్‌లైన్‌లో ఉన్నవి.

రెండవ ముఖము వేరు. 1838లో మేరీలాండ్ జెస్యూట్ గురువులు 272 మందిని లూసియానాకు అమ్మివేశారు. ఆ సొమ్ములో కొంత జార్జ్‌టౌన్ కళాశాల అప్పులకు వెళ్ళింది. ఆ విక్రయ పత్రము, పేర్ల జాబితా నేడు జార్జ్‌టౌన్ స్లేవరీ ఆర్కైవ్‌లో ఎవరైనను చదువవచ్చును. ఆ జాబితాలను, సంఘ రిజిస్టర్లను ఆధారము చేసుకొనే వారి సంతతివారిని గుర్తించగలిగారు. 2017 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయము, జెస్యూట్‌లు వారి యెదుట క్షమాపణ కోరారు.

ముగింపు

కంప్యూటరు సూచికను మాత్రమే ఇస్తుంది. గుమాస్తా చెవికి వినిపించినట్లు వ్రాసిన పేర్లు పలువిధములుగా మారతాయి గనుక అసలు పుట బొమ్మను తప్పక చదవాలి. అమ్మిన చేతులు వ్రాసిన జాబితాయే మనుమల మనుమలకు సాక్ష్యమైనది. బాప్తిస్మపు రిజిస్టరు వ్రాసే మనము, ఏ పేరునూ అశ్రద్ధగా వ్రాయరాదని ఈ చరిత్ర హెచ్చరిస్తున్నది.