కొవ్వూరు: వంతెనలే జీవనాడి

గోదావరి కుడిగట్టున, రాజమహేంద్రవరానికి ఎదురుగా వెలసిన పట్టణం కొవ్వూరు. ఉద్యోగం, ఉన్నత చదువు, వైద్యం, వ్యాపారం కోసం ఇక్కడి వారు అనేకులు నిత్యం నది దాటి వెళ్లి వస్తుంటారు.

1900లో హేవలాక్ వంతెన ప్రారంభమై రెండు గట్లను రైలుమార్గంతో కలిపింది. రోడ్డు ప్రయాణానికి దారి చూపింది మాత్రం 1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెనే. హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకోగా, ఆర్చి వంతెన ఆ స్థానాన్ని భర్తీ చేసింది. 2015 నాటికి నాలుగో వంతెన సిద్ధమైంది.

గోష్పాద క్షేత్రం, ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం పట్టణానికి ప్రత్యేక గుర్తింపు తెచ్చాయి. పుష్కరాల వేళ స్నానఘట్టాలు భక్తులతో కిటకిటలాడతాయి.

1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాలో కొవ్వూరు చాలాకాలం కొనసాగింది. కళ్లెదుటి నగరం పరాయి జిల్లాలో ఉండగా, కలెక్టరేట్ పనులకు దూరాన ఉన్న ఏలూరు వెళ్లాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణతో కొవ్వూరు తూర్పు గోదావరిలో చేరింది. జిల్లా కేంద్రం రాజమహేంద్రవరమే కావడంతో ఆ వ్యయప్రయాసలు తగ్గాయి.

అయినా వంతెనపై ఆధారపడటం తప్పలేదు. 2023లో మరమ్మతుల కోసం రోడ్డు కం రైలు వంతెనపై వాహనాలను నిలిపివేయగా, నాలుగో వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ఎదుటి గట్టు కనిపిస్తున్నా, అక్కడికి చేరడం వంతెన చేతిలోనే ఉంది.