కలివికోడి కూత చెప్పే చరిత్ర

కలివికోడి పేరులోనే కలివి పొద ఉంది. కడప జిల్లా లంకమల కొండల దిగువన, ముళ్ల పొదల నడుమ, చీకటి పడ్డాక తిరిగే పిట్ట ఇది. పగలు పొద నీడన కదలకుండా ఉంటుంది, ఒంటి రంగు మట్టిలో కలిసిపోతుంది. అందుకే దీని సంగతి కళ్లకంటే చెవులకే ఎక్కువ తెలుస్తుంది.

పుస్తకాల్లో దీని చరిత్ర 1848లో మొదలవుతుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ పేరు దీనికి పెట్టారు. ఆయన రాసిన భారతదేశపు పక్షుల గ్రంథంలో చాలా పిట్టల తెలుగు పేర్లున్నాయి. ఆ పేర్లు ఇక్కడి మనుషులు చెప్పినవే. వాళ్లెవరో మాత్రం మనకు తెలియదు. అదే శతాబ్దంలో బ్లాన్‌ఫోర్డ్ ఈ పిట్టను గోదావరి లోయలో సిరోంచా, భద్రాచలం వైపు కూడా నమోదు చేశాడు. 1900 తర్వాత ఎవరూ నమోదు చేయలేదు. అంతరించిపోయిందనుకున్నారు.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ సిద్ధవటం ప్రాంతంలో వెతుకుతుండగా, పిట్టలు పట్టడంలో నేర్పున్న స్థానికుడొకరు ఒక రాత్రి దాన్ని పట్టి తెచ్చాడు. ఆ పిట్ట బతకలేదు. కానీ జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది. దీన్ని "తిరిగి కనుగొన్నారు" అని రాశారు. ఆ పొదల్లో రాత్రిళ్లు తిరిగేవాళ్లకు అది తప్పిపోయిందెప్పుడు? 1988లో అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

తర్వాత వచ్చిన ప్రశ్న, ఎన్ని మిగిలాయి, ఎక్కడెక్కడ మిగిలాయి అన్నది. రాత్రి పిట్టను లెక్కపెట్టడం తేలిక కాదు. పరిశోధకులు పొదల మధ్య మట్టిని చదునుచేసి అడుగుజాడలు చూశారు, తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. కూతను కూడా రికార్డు చేశారు. ఆ తొలి రికార్డింగుల వివరాలు 2004లో అచ్చయ్యాయి. రెండు అక్షరాల చిన్న కూత అది. పొద్దు గుంకిన కాసేపటికి, గుక్క తిప్పకుండా పలుమార్లు వినిపిస్తుంది.

రికార్డు చేతిలో ఉంటే పని ఇలా సాగుతుంది. పొద్దు గుంకాక ఎంచుకున్న చోట నిలబడి కూతను కాసేపు వినిపిస్తారు. ఆపి చెవులు రిక్కిస్తారు. తన తావులోకి మరొకటి వచ్చిందనుకుని పిట్ట బదులిస్తే, ఆ చోటును రాసుకుంటారు. బదులు రాలేదంటే పిట్ట లేదని కాదు, గాలి అడ్డుపడి ఉండొచ్చు, కాలం సరైనది కాకపోవచ్చు. అందుకే మళ్లీ మళ్లీ వెళ్లాలి. అలాగని అదే పనిగా వినిపిస్తే పిట్ట బెదురుతుంది.

ఈ వెతుకులాటలో మనం పట్టించుకోవలసిన సంగతి ఒకటి తేలింది. కలివికోడికి దట్టమైన అడవి వద్దు, బోడి నేల కూడా వద్దు. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలుండి, మధ్యలో ఖాళీ నేల ఉన్న చోట దాని జాడలు ఎక్కువ. అలాంటి నేల నిలవడంలో మేకల మేతకూ కట్టెల కోతకూ పాత్ర ఉందని పరిశోధకులే రాశారు. మేత మితిమీరితే పొద పోతుంది, పూర్తిగా ఆగితే పొదలు మూసుకుపోతాయి. 2005లో తెలుగు గంగ కాలువ పనుల యంత్రాలు పిట్ట తావును తవ్వేశాయి. అభ్యంతరాలు వచ్చాకే కాలువ దారి మార్చారు. మేకల కాపరి అడుగు, యంత్రం అడుగు ఒకటి కావు. రక్షణ పేరుతో మొదట కాపరినే బయటికి పంపే అలవాటును ఈ లెక్క ప్రశ్నిస్తోంది.

2010 తర్వాత చాలా ఏళ్లు ధ్రువపడిన జాడ లేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు కడప జిల్లాలో ఆ కూతను మళ్లీ రికార్డు చేశారు. పిట్ట ఉందనడానికి ఆ కూతే సాక్ష్యం.

ఈ లెక్కన కూత రికార్డు కూడా శాసనం లాంటిదే. శాసనాన్ని చదివేవాడు కావాలి. గోదావరి లోయలో కలివికోడి ఉండేదో, ఎప్పుడు ఆగిపోయిందో తెలుసుకోవాలంటే ఆ రికార్డును మన గూడేల్లోని పెద్దలకు వినిపించాలి. ఎప్పుడు విన్నారు, ఏ వాగు పక్కన విన్నారు, తమ భాషలో ఏమని పిలిచేవారు అని అడగాలి. చెప్పినవాళ్ల పేరు, వాళ్లు ఒప్పుకుంటే, ఆ మాట పక్కనే రాయాలి. జెర్డాన్ కాలంలో జరగనిది ఇప్పుడైనా జరగాలి. పిట్టతోపాటు దాని కూతను గుర్తుపట్టే చెవులు కూడా తగ్గిపోతున్నాయి.