జాగ్వార్ టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్



సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనవాళ్ళకి టెస్టింగ్ అంటే ఎందుకో కాస్త చిన్నచూపు. "ఇంకా టెస్టింగేనా? డెవలప్‌మెంట్‌లోకి ఎప్పుడు మారతావోయ్?" అన్న ప్రశ్న పెళ్ళిచూపుల్లో కూడా వస్తుంది. అందుకని ఈ వారం ఒక టెస్టర్ కథ చెప్తాను. ఈయన పరీక్షించింది ప్రోగ్రాముల్ని కాదు, కార్లని. అందులో తప్పు బయటపడితే ప్రాణం మీదికే వస్తుంది.

నార్మన్ డ్యూయిస్ 1920లో ఇక్కడే, మన మిడ్‌లాండ్స్‌లోని కోవెంట్రీలో పుట్టారు. తండ్రి పోవడంతో పద్నాలుగేళ్ళకే బడి మానేసి కార్ల ఫ్యాక్టరీలో చేరారు. యుద్ధంలో బ్లెన్‌హైమ్ విమానాల్లో గన్నర్‌గా పనిచేశారు. తర్వాత లీ-ఫ్రాన్సిస్ అనే చిన్న కార్ల కంపెనీ, అక్కడినుంచి 1952లో జాగ్వార్. 1985లో రిటైరయ్యేదాకా అక్కడే చీఫ్ టెస్ట్ డ్రైవర్.

టెస్ట్ డ్రైవర్ అనగానే మనకి వేగమే గుర్తొస్తుంది కానీ, ఆ పనిలో ఎక్కువ భాగం విసుగు. నన్‌ఈటన్ దగ్గర లిండ్లీలో యుద్ధకాలపు విమానాశ్రయం ఒకటి ఉండేది. దాన్నే తర్వాత కార్ల కంపెనీలన్నిటికీ కలిపి పరీక్షా మైదానంగా మార్చారు. దాని పేరు మైరా. అక్కడ ఎగుడుదిగుడు రాళ్ళు పరిచిన దారి మీద, చట్రం ఎక్కడ చిట్లుతుందో తేలేదాకా, ఒళ్ళు హూనమయ్యేలా తిరగాలి. నీళ్ళలోంచి, దుమ్ములోంచి పోవాలి. దిగాక "బాగాలేదు" అంటే సరిపోదు. ఎంత వేగం దగ్గర, ఏ మలుపులో, ఏ చక్రం వైపు తేడా వచ్చిందో ఇంజనీరుకి చెప్పగలగాలి. మనం రాసే బగ్ రిపోర్టు లాంటిదే అనుకోండి!

ఆయన చేసిన వాటిలో అన్నిటికంటే పెద్దది, నా లెక్కన, డిస్క్ బ్రేకుల పని. అప్పటిదాకా దాదాపు కార్లన్నిటికీ డ్రమ్ బ్రేకులే. మూసి ఉన్న డ్రమ్ములో వేడి బయటికి పోదు. పదేపదే తొక్కితే పట్టు సడలిపోతుంది. డన్‌లప్ కంపెనీ చేసిన డిస్కు గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది. కానీ అందులోనూ చిక్కుంది. ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ నేలకి అంటుకుపోతుంది, కారు మాత్రం ఆగదు. ఇలాంటివి కాగితం మీద కనిపించవు, ఎవరో ఒకరు కూర్చుని మళ్ళీ మళ్ళీ తొక్కి చూడాల్సిందే. 1952లో ఇటలీలో మిల్లె మీలియా రేసుకి స్టర్లింగ్ మాస్ పక్కన కూర్చుని వెళ్ళారు డ్యూయిస్. చివర్లో స్టీరింగ్ చెడి ఆ కారు ఆగిపోయింది. అదే ఏడాది రీమ్స్‌లో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్‌తో మాస్ గెలిచాడు. 1953లో లమాన్ రేసుని రోల్ట్, హామిల్టన్ గెలిచారు, అవే బ్రేకులతో. కప్పు మీద వాళ్ళ పేర్లే ఉంటాయి లెండి.

ఆ అక్టోబరులోనే బెల్జియంలో యాబెకె దగ్గర తిన్నటి రోడ్డు మీద, విమానానికి ఉన్నట్టు గుండ్రటి పారదర్శకపు మూత బిగించిన ఎక్స్‌కే 120లో గంటకి 172 మైళ్ళు దాటించారు. మనిషి పొట్టి కావడం అక్కడ కలిసొచ్చింది.

1961 మార్చిలో జెనీవాలో ఈ-టైప్ కారు బయటపెట్టారు. చూసినవాళ్ళంతా ఒకసారి ఎక్కుతామని ఎగబడ్డారు, ఉన్న ఒక్క కారూ చాల్లేదు. యజమాని సర్ విలియం లయన్స్ నుంచి కోవెంట్రీకి కబురొచ్చింది, రెండో కారు వెంటనే కావాలని. డ్యూయిస్ సాయంత్రం బయల్దేరి, ఓడలో ఇంగ్లిష్ ఛానల్ దాటి, రాత్రంతా ఫ్రాన్సు రోడ్ల మీద నడిపి మర్నాడు పొద్దున పదింటికల్లా చేరారు. చేరాక నిద్రపోయారనుకుంటున్నారా? ఆ రోజంతా జనాన్ని ఎక్కించుకుని తిప్పారు.

1971 జనవరిలో మైరాలోనే, రేసుకే వెళ్ళని ఎక్స్‌జే13 అనే కారుని ఒక ప్రచార చిత్రం కోసం నడుపుతుండగా, వెనక చక్రం విఫలమై కారు పల్టీలు కొట్టింది. ఆయన ఇంజన్ ఆపి, డాష్‌బోర్డు కిందికి దూరి ముడుచుకున్నారు. కారు తుక్కయింది. ఆయన నడుచుకుంటూ బయటికొచ్చారు.

2008లో టాటా మోటార్స్ జాగ్వార్‌ని కొన్నప్పుడు ఇక్కడ మనవాళ్ళం గర్వంగా చెప్పుకున్నాం. కొన్న సంస్థ విలువలో ఇలాంటి మనుషులు మోసిన మైళ్ళు ఎన్ని ఉన్నాయో అప్పట్లో ఎవరమూ మాట్లాడుకోలేదు. 2015 న్యూ ఇయర్ గౌరవాల్లో ఆయనకి ఓబీఈ ఇచ్చారు, అప్పటికి 94 ఏళ్ళు. 2019 జూన్‌లో 98 ఏళ్ళ వయసులో పోయారు.

తుక్కయిన ఎక్స్‌జే13ని తర్వాత మళ్ళీ కట్టారు. వార్విక్ దగ్గర గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో పెట్టారు. పిల్లల్ని తీసుకెళ్ళండి, డ్రైవర్ సీటు ముందు ఆ డాష్‌బోర్డు కింద ఎంత చోటుందో చూపించండి.