అమ్మ మిషనుకు కొత్త షటిలు

ఆర్నెల్ల క్రితం మా అమ్మ చేతిమిషను మొరాయించింది. నాన్నగారు పోయాక మా నలుగురి స్కూలు ఫీజులూ కట్టింది ఆ మిషనేనండీ. షాపతను చూసి, "దీనికి సామాన్లెక్కడివమ్మా, పాతసామాన్లవాడికి వేసెయ్యండి" అన్నాడు. ప్రాణం చివుక్కుమంది. ఈ సామాన్ల కథేమిటో చూద్దామని ఆ రోజే అనుకున్నాను.

ఐజాక్ సింగర్ తన మిషనుకు అమెరికాలో పేటెంటు పొందింది 1851లో. చాలా ఏళ్ళపాటు ఆ కంపెనీలో పనివాళ్ళు భాగాలను ఆకురాయితో రాచి, ఏ మిషనువి ఆ మిషనుకే అమర్చేవారట. ఒకదాని షటిలు పక్కదానికి పట్టదు. ఏ భాగమైనా ఏ మిషనుకైనా సరిపోవాలన్న పద్ధతి కుదురుకునేసరికి 1880లు దాటాయి. మన దేశానికొచ్చిన పాత సింగర్లలో చాలామటుకు స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు ఫ్యాక్టరీవి. 1885లో తెరిచిన ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. మరి మన మిషన్లు ఆగిపోలేదేం?

ఎందుకంటే, ఇక్కడా చేసేవాళ్ళు తయారయ్యారు. 1930లలో కలకత్తాలో బిషన్‌దాస్ బాసిల్ ఉషా మిషను మొదలుపెట్టారు. 1938లో లాలా శ్రీరామ్ ఆ కంపెనీని చేపట్టారు. లూధియానాలోనైతే చిన్న చిన్న కార్ఖానాలే మిషన్లూ, విడిభాగాలూ చేస్తూ వచ్చాయి. రెండో యుద్ధం తర్వాత జపానువాళ్ళు సింగర్ పదిహేనో రకాన్నే నమూనాగా పెట్టుకుని, కంపెనీలన్నీ ఒకే కొలతలతో చేశారు. గుండ్రటి బాబిను ఉన్న ఆ రకానికి సామాను ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది. మా అమ్మదేమో పడవలాంటి షటిలు, పొడుగు బాబిను!

చివరికి సికింద్రాబాదులో ఒక పెద్దాయన దొరికారు. షటిలు చెయ్యడంలో చిక్కంతా ఆయనే చెప్పారు. అరిగిపోయినదాన్ని చూసి అచ్చంగా అలాగే చేస్తే, ఆ అరుగుదల కూడా వచ్చేస్తుందిట! అరిగినంతా లెక్కకట్టి కలుపుకోవాలి. ఇనుము మెత్తగా ఉంటే దారమే దానిమీద గాడి పెడుతుంది (మన నూలు దారమేనండీ!). అందుకని ఉక్కును ఎర్రగా కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు. తర్వాత అద్దంలా నునుపు చెయ్యాలి. వెంట్రుకంత గరుకున్నా దారం పుటుక్కుమంటుంది. కొత్తవాటిలో కొన్నిటికి ఈ చివరి పని సరిగ్గా చెయ్యరనీ, కొనేముందు గోటితో అంచులు తడిమి చూడమనీ అన్నారు. మీరూ వెళ్తే పాత భాగాన్నీ, మిషను మీది నంబరునూ తీసుకెళ్ళండి. ఉత్త పేరు చెబితే లాభం లేదు.

డబ్బాలోంచి ఆయన తీసిచ్చిన షటిలుతో అమ్మ మొదట దిండుగలీబు కుట్టింది. బట్ట తిరగేసి చూసి, కింది దారం బిగుతుగా ఉందంటూ షటిలు మీది చిన్న మరను పావువంతు వదులు చేసింది.