బాపట్ల గంజాయి – కన్నాబినాల్: ఒక పొరపాటు చరిత్ర

1893 మార్చిలో బ్రిటిషు కామన్స్ సభలో హిందూదేశపు గంజాయిని గురించి ఒక ప్రశ్న లేచింది. బెంగాలు రాష్ట్రంలో గంజాయి సాగు, అమ్మకం ప్రజల నడవడిని ఏ విధంగా మారుస్తున్నవో విచారించాలని మద్యనిషేధవాది డబ్ల్యు. ఎస్. కెయిన్ పట్టుబట్టాడు. ఆ ఏడు జూలైలో మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏడుగురు సభ్యుల కమిషన్ ఏర్పడింది. విచారణ బెంగాలుతో ఆగక దేశమంతటికీ విస్తరించింది. 1,193 మంది సాక్షులను విచారించి కమిషన్ 1894లో తన నివేదికను సమర్పించింది. ఇప్పటికీ గంజాయి చరిత్ర వ్రాసేవారికి అదే మొదటి ఆకరం.

మద్రాసు రాష్ట్రాన్ని గురించి ఆ నివేదిక చెప్పినదానిలో తెలుగువారు గమనింపదగిన సంగతి ఒకటుంది. పెరటిలో ఒకటి రెండు మొక్కలు పెంచుకొనడం అనేక చోట్ల ఉన్నా, పంటగా వేసి అమ్మకానికి తయారుచేసే ప్రాంతాలు ఆ రాష్ట్రంలో ముఖ్యంగా రెండే. ఒకటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జవ్వాది కొండల వైపు. రెండవది బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు, సంతరావూరు పరిసర గ్రామాలు. రెండవ ప్రాంతం నాడు కృష్ణా జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడి దానిలో చేరింది. 1970లో ప్రకాశం జిల్లాకు మారింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో తిరిగి కలిసింది. రేపల్లె కూడా నేడు ఆ జిల్లాలోనే ఉన్నది; తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలిపోయింది. ఈ ఊళ్ల గంజాయి చరిత్ర వెదకేవారు ఒకే గ్రామం కోసం నాలుగు జిల్లాల పేర్ల కింద కాగితాలు తిరగవేయవలసి రావడం ఇందువల్లనే. దాపున ఉన్న చినగంజాం, పెదగంజాం పేర్లు చూసి అవి గంజాయి వల్ల వచ్చినవని చెప్పేవారున్నారు. ఉచ్చారణలో పోలిక చరిత్రకు సాక్ష్యం కాదు. ఆ ఊళ్లకు పేరు తెచ్చినది ఉప్పు.

ఈ పంట ఇక్కడనే ఎందుకు నిలిచినదనే ప్రశ్నకు నేల కొంత సమాధానం చెబుతుంది. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి, కృష్ణ కాలువలు పారడంతో తెనాలి, రేపల్లె ప్రాంతాలు వరిమాగాణులైనవి. పడమటి వైపు, సముద్రానికి కొంచెం ఎగువన ఉన్న మెట్ట ఊళ్లకు ఆ భాగ్యం అంతగా లేదు. గంజాయి నీరు నిలిచే చేలో బ్రతికే మొక్క కాదు. పైగా దుగ్గిరాల దగ్గర మొదలై పెదగంజాం వైపు సాగే కొమ్మమూరు కాలువ పడవల ప్రయాణానికి అనువైనది. 1899 నాటికి మద్రాసు–బెజవాడ రైలుమార్గం బాపట్ల, తెనాలి మీదుగా సాగింది. సరుకు పోవడానికి నీటిదారి, ఇనుపదారి రెండూ ఏర్పడినవి.

కమిషన్ సిఫారసుల తరువాత సాగు సర్కారు అదుపులోకి వచ్చింది. లైసెన్సు ఉన్న రైతే వేయాలి, కోసిన సరుకు సర్కారు గిడ్డంగికి చేరాలి, సుంకం చెల్లించిన మీదటనే బయటికి పోవాలి. అటువంటి గిడ్డంగి సంతరావూరులో వెలిసింది. గిడ్డంగి అంటే సరుకు నిలవ ఉండడం. నిలవ ఉన్న గంజాయికి ఏమవుతుందన్న ప్రశ్న దగ్గరనే ఈ వ్యాసానికి అసలు విషయం మొదలవుతుంది.

గంజాయి పాతబడితే సత్తువ పోతుందని వాడేవారికీ, అమ్మేవారికీ తెలియనిది కాదు. కలకత్తా హెర్బేరియం అధికారి డేవిడ్ ప్రెయిన్ 1893లో బెంగాలు గంజాయిని గురించి వ్రాసిన నివేదికలో, నిలవ పెరిగిన కొద్దీ సరుకు గుణం తరిగిపోతుందన్న సంగతిని పరీక్షించి చెప్పాడు. కారణం మాత్రం నాడు ఎవరికీ తెలియదు. మొక్క ఆడపూల కంకుల నుంచి స్రవించే బంకలో మత్తు కలిగించేది టెట్రాహైడ్రోకన్నాబినాల్ అనే పదార్థం. గాలి, వెలుతురు, వేడి తగిలినప్పుడు ప్రాణవాయువు చర్యతో అది కొంత కొంతగా మరొక పదార్థంగా మారుతుంది. ఆ రెండవదే కన్నాబినాల్. పచ్చి మొక్కలో ఇది దాదాపు ఉండదు. మొక్క పుట్టించేది కాదు, కాలం పుట్టించేది. మామూలు గది వేడిలో ఉంచిన గంజాయి ఒక సంవత్సరంలో తన మత్తుపదార్థంలో సుమారు 17 శాతం, నాలుగు సంవత్సరాలలో సుమారు 41 శాతం కోల్పోతుందని అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయంవారు 1990ల చివర లెక్కతేల్చారు. రెండు పదార్థాల పాళ్లను పోల్చి సరుకు వయస్సును అంచనా కట్టే పద్ధతి కూడా అక్కడే రూపొందింది. సంతరావూరు గిడ్డంగి అధికారికి ఈ లెక్క దొరికి ఉంటే ఎంత ఉపకారమయ్యేదో!

శాస్త్రజ్ఞులు ఈ పదార్థాన్ని కనుగొన్న తీరు మరింత విచిత్రమైనది. 1896లో కేంబ్రిడ్జిలో వుడ్, స్పివీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే ముగ్గురు రసాయనికులు హిందూదేశపు చరస్ నుంచి ఎర్రని చిక్కని నూనె ఒకటి వేరుచేసి దానికి కన్నాబినాల్ అని పేరుపెట్టారు. గంజాయి మత్తుకు మూలం ఇదేనని భావించారు. సి. ఆర్. మార్షల్ అనే వైద్యుడు ఆ నూనెను తానే సేవించి, మత్తెక్కినట్లు అనుభవం వ్రాసిపెట్టాడు. అనుభవం నిజమే, నిర్ణయమే తప్పు. 1899 నాటికి ఆ నూనె ఒకటి కాదు, అనేక పదార్థాల మిశ్రమమని వారే గ్రహించి, స్వచ్ఛమైన భాగాన్ని విడదీసి పాత పేరును దానికే ఉంచారు. కాని మత్తు ఆ స్వచ్ఛమైన భాగంలో లేదు, మిగిలిన దానిలో ఉన్నది. ఆ రోజుల్లో పంజాబుకు వచ్చే చరస్ యార్కండు నుంచి కొండలు దాటి నెలల తరబడి ప్రయాణం చేసేది. అంత పాతబడిన సరుకులో కన్నాబినాల్ సమృద్ధిగా ఉండడంలో, అది రసాయనికుల చేతికి ముందుగా చిక్కడంలో ఆశ్చర్యం లేదు. శిథిలమైన దానిని చూసి మూలమని భ్రమించారు. ఆ నామరూపాల చిక్కు నలభై ఏళ్లకుపైగా తెగలేదు. 1930లలో కాన్, 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్, ఇంగ్లండులో అలెగ్జాండర్ టాడ్ దాని నిర్మాణాన్ని తేల్చారు. అసలు మత్తుపదార్థాన్ని 1964లో గవోని, మెషూలమ్‌లు వేరుచేశారు.

ఈ మధ్యకాలంలో నష్టపోయినది వైద్యం. ఒక సీసాలోని సారం పనిచేసేది, మరొక సీసాలోనిది చేసేది కాదు. కొలత కుదరని మందును వైద్యులు నమ్మలేకపోయారు. గంజాయి సారాన్ని 1932లో బ్రిటిషు ఫార్మకోపియా నుంచి తొలగించారు. ఈ తొలగింపుకు నీతి కంటె నిలవ దోషమే పెద్ద కారణమని చెప్పడం అన్యాయం కాదు.

ఆ మందు యూరపుకు చేరిన దారిలో ముస్లిం విద్వాంసుల చేయి ఉన్నదన్న సంగతి మరుగున పడింది. 1839లో కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు ఓషానెస్సీ గంజాయిపై ప్రయోగాలు ప్రకటించినప్పుడు, తనకు అరబీ, పారసీ గ్రంథాల విషయం తెలిపినవారిగా హుగ్లీ ఇమాంబారా ముతవల్లీ సయ్యద్ కరామత్ అలీ పేరును, టెహరాను నుంచి వచ్చిన హకీం మిర్జా అబ్దుల్ రజాక్ పేరును కృతజ్ఞతతో పేర్కొన్నాడు. పండితుడు మధుసూదన గుప్తా సంస్కృత గ్రంథాల సంగతి అందించాడు. ధనుర్వాతంలోనూ, పసిపిల్లల మూర్ఛలోనూ ఓషానెస్సీ చూసిన ఫలితాలే పడమటి వైద్యులను ఆకర్షించినవి. అంతకు ఆరు శతాబ్దాల ముందే ఇబ్నుల్ బైతార్ (మరణం 1248) ఈజిప్టు తోటల్లో పెంచే ‘హిందూ జనపనార’ను స్వయంగా చూసి, ఫకీర్లు దానిని తయారుచేసుకొనే విధాలనూ, ఎక్కువైతే కలిగే ఉన్మాదాన్నీ వర్ణించాడు. యూనానీ హకీములు వాడిన మాజూన్ ఫలక్ సైర్ వంటి లేహ్యాలలో భంగు చేరినది ఈ సంప్రదాయంలోనే.

వైద్యులు గుణాన్ని అడిగితే ఫుఖహా హుకుమును అడిగారు. ఆ చర్చలో ఈజిప్టు మాలికీ పండితుడు షిహాబుద్దీన్ ఖరాఫీ (మరణం 1285) చేసిన విభజన ఈ విషయానికి సూటిగా తగులుతుంది. అల్ ఫురూఖ్ గ్రంథంలో ఆయన బుద్ధిని తాకే పదార్థాలను మూడుగా చూశాడు. ఇంద్రియాలే మందగించి మనిషి స్పృహ తప్పితే అది మురఖ్ఖిద్, అనగా నిద్రపుచ్చేది. ఇంద్రియాలు నిలిచి, ఉల్లాసమూ పొగరూ కలిగితే ముస్కిర్, అనగా మద్యం వంటిది. ఉల్లాసం లేక బుద్ధిని చెరచేది ముఫ్సిద్. హద్దు శిక్ష, అపవిత్రత మొదలైన విధులు ముస్కిర్‌కు మాత్రమే వర్తిస్తాయని, హషీష్ ముఫ్సిద్ కోవలోనిదని ఆయన అభిప్రాయం. డమాస్కసులో ఇబ్ను తైమియా (మరణం 1328) దీనిని అంగీకరించలేదు; మద్యానికి ఏ శాసనమో హషీష్‌కూ అదేనని వాదించాడు. తరువాతి శతాబ్దంలో మఖ్రీజీ కైరోలో ఆ వ్యసనం పాకిన వైనాన్ని వ్రాస్తూ దానిని సమాజ పతనానికి గుర్తుగా చూశాడు. ఇన్ని వాదాల నడుమ ఖరాఫీ పద్ధతికి ఒక విలువ ఉంది. మొక్క పేరును బట్టి కాక, అది మనిషిలో ఏమి చేస్తున్నదో దానిని బట్టి తీర్పు చెప్పాలన్నది ఆయన దారి. కేంబ్రిడ్జి రసాయనికులు తప్పినది అక్కడనే.

1894 నాటి కమిషన్ కూడా ఒక చోట ఇదే జాగ్రత్త పాటించింది. గంజాయి వల్ల పిచ్చి పుడుతుందనడానికి ఆధారంగా పిచ్చాసుపత్రుల దస్తరాలు చూపేవారు. కమిషన్ ఒక్కొక్క కేసును తిరగతోడగా, కారణం గడిలో ‘గంజాయి’ అని గుమాస్తాలు విచారణ లేకుండానే వ్రాసిన సందర్భాలు బయటపడ్డవి. మితమైన వాడకం వల్ల చెప్పదగిన కీడు లేదని, మితిమీరితే హాని కలదని, పూర్ణ నిషేధం కంటె అదుపు మేలని కమిషన్ తేల్చింది. దర్గాల దగ్గర చేరే ఫకీర్లకు, తీర్థాలు తిరిగే బైరాగులకు ఆ తీర్పు అనుకూలించింది. సుంకం రాబట్టే సర్కారుకు మరింత అనుకూలించింది. ఈ రెండవ సంగతిని మరచి నివేదికను పొగిడేవారు నేడు ఎక్కువైనారు.

కన్నాబినాల్‌కు ఇటీవల మరొక జన్మ వచ్చింది. అమెరికాలో దీనిని నిద్రమాత్రగా, తీపి బిళ్లగా అమ్ముతున్నారు. పాత గంజాయి నిద్ర తెస్తుందన్న వాడుకమాటే ఈ వ్యాపారానికి పునాది. 1975లో బ్రెజిలు పరిశోధకులు అయిదుగురు మగవారిపై పరీక్షించగా, కన్నాబినాల్ ఒంటరిగా చెప్పదగిన మార్పు తేలేదు. మత్తుపదార్థంతో కలిపి ఇచ్చినప్పుడు మాత్రం మత్తు, మగత అధికమైనట్లు వారు చెప్పారు. 2021లో ఈ సాహిత్యాన్నంతటినీ పరిశీలించిన సమీక్ష, నిద్రకు ఇది మందని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. 2023లో మూడు వందలకు దగ్గరగా పెద్దవారిపై జరిగిన పరీక్షలో, రాత్రికి 20 మిల్లీగ్రాములు తీసుకున్నవారికి నడుమ మెలకువలు కొంత తగ్గినవి. నిద్ర త్వరగా పట్టలేదు, పగటి అలసట తగ్గలేదు. 2024లో సిడ్నీ శాస్త్రజ్ఞులు ఎలుకలలో నిద్ర పెరిగిందని చూపారు. మొండి సూక్ష్మజీవులపై దీని ప్రభావం 2008లో గాజుపాత్రలలో కనిపించింది. గాజుపాత్ర నుంచి రోగి పడక దాకా దూరం చాలా ఉంటుంది.

అనగా ఖరాఫీ భాషలో ఇది మురఖ్ఖిద్ అని ప్రకటించే కాలం ఇంకా రాలేదు. ముస్కిర్ కాదని కూడా గట్టిగా అనలేము. మెదడులో మత్తుపదార్థం అతుక్కొనే చోటనే ఇదీ అతుక్కుంటుంది, బలం మాత్రం సుమారు పదోవంతు. మోతాదు పెరిగితే ఏమవుతుందన్నది తేలలేదు. హిందూదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూల కంకిని గంజాయిగా నిర్వచించి, కంకి లేని ఆకునూ గింజనూ దాని నుంచి మినహాయించింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘం గంజాయిని అతి కఠినమైన పట్టిక నుంచి 27–25 ఓట్ల తేడాతో తొలగించింది. హిందూదేశం తొలగింపుకే ఓటు వేసింది.

నేడు గంజాయి అనగానే ఆంధ్రులకు గుర్తుకు వచ్చేది విశాఖ మన్యం. బాపట్ల మెట్ట ఊళ్ల పేర్లు పాత ఎక్సైజు కాగితాలలోనే మిగిలినవి. ఇక అంగళ్లలో అమ్మే కన్నాబినాల్ విషయానికి వస్తే, అందులో చాలా భాగం ఏళ్ల తరబడి నిలవ ఉన్న గంజాయి నుంచి తీసినది కాదు. మత్తులేని జాతి మొక్క నుంచి తీసిన కన్నాబిడియాల్‌ను కర్మాగారంలో రసాయనాలతో మార్చి తయారుచేసినది.