గోదావరి తీరాన నాలుగు జ్ఞాపకాల నిలయాలు

రాజమహేంద్రవరం: పుష్కర స్నానానికో, పాపికొండల విహారానికో వచ్చే యాత్రికులలో అత్యధికులు ఘాట్లను దర్శించి వెనుదిరుగుతారు. నన్నయ భారతాంధ్రీకరణకు శ్రీకారం చుట్టిన ఈ నగరంలో ఒక్క పగటిపూటలో చూడదగిన ప్రదర్శనశాలలు ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. 2027లో గోదావరి పుష్కరాలు రానున్న తరుణంలో వాటి విశేషాలివి.

దామెర్ల చిత్రకళా మందిరం
ఆంధ్ర చిత్రకళకు ప్రత్యేక బాణీ కల్పించిన దామెర్ల రామారావు 1897లో జన్మించారు. ఆయన ప్రతిభను స్థానిక కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. కళాశాలలో విద్య ముగించి వచ్చిన రామారావు స్వస్థలంలోనే చిత్రకళాశాలను నెలకొల్పారు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లయినా నిండకుండానే అస్తమించారు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలను ముందుకు నడిపారు. 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకారం' వంటి చిత్రాలు రామారావు కీర్తికి ఆనవాళ్లు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే.

నీటిరంగుల చిత్రాలకు తేమ, వెలుతురు ప్రబల శత్రువులు. నదీతీరపు గాలిలో తేమకు కొదవ లేదు. అల్పాయుష్కుడైన చిత్రకారుడు మిగిల్చినవి పరిమితం. పాడైన చిత్రానికి ప్రత్యామ్నాయం లేదు. సందర్శకులు ఫ్లాష్ వాడకుండా, చిత్రాలను తాకకుండా ఉండటం కనీస ధర్మం.

రాళ్లబండి సుబ్బారావు ప్రదర్శనశాల
1922లో ఇక్కడ ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి శాసనాలు, నాణేలు, శిల్పాల సేకరణకు నడుం కట్టింది. ఆ కృషిలో ప్రముఖులైన చరిత్రకారుడు రాళ్లబండి సుబ్బారావు పేరిట ఈ ప్రభుత్వ ప్రదర్శనశాల వెలసింది. పరిసర ప్రాంతాల ప్రాచీన శిల్పాలు, నాణేలు చరిత్ర విద్యార్థులకు ఉపయుక్తం.

కందుకూరి గృహం
గద్య తిక్కన కందుకూరి వీరేశలింగం నివసించిన ఇంటిని స్మారకంగా పరిరక్షిస్తున్నారు. 1881 డిసెంబర్ 11న ఆయన ఈ నగరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. సంఘ బహిష్కారానికి వెరవని ఆ దంపతుల, వీరేశలింగం, రాజ్యలక్ష్మమ్మల, జీవనాన్ని స్మరింపజేసే ఇల్లిది.

కాటన్ ప్రదర్శనశాల
నగరానికి దిగువన ధవళేశ్వరంలో ఉంది. కరవులు, 1839 నాటి ఉప్పెనతో చితికిపోయిన డెల్టాను ఆదుకునేందుకు సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పనులు ప్రారంభించి 1852కు పూర్తి చేయించారు. నిర్మాణంలో వాడిన యంత్రసామగ్రి, నమూనాలు ఇక్కడ దర్శనీయం. పాత ఆనకట్ట స్థానంలో తదనంతరం నిర్మించిన బ్యారేజీ నాలుగు భాగాలుగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం వైపులా సాగుతుంది. నమూనాను ముందు చూసి, పిమ్మట బ్యారేజీపైకి వెళితే నీటి మళ్లింపు తీరు సులువుగా బోధపడుతుంది.

ఇలా చూడవచ్చు
ఉదయం నగరంలోని మూడింటిని చూసుకొని, మధ్యాహ్నం బస్సులో గానీ ఆటోలో గానీ ధవళేశ్వరం చేరుకోవచ్చు. సెలవు దినాలను, వేళలను ముందుగా విచారించుకొని బయలుదేరటం శ్రేయస్కరం.