సుగ్గికి పోయిన సాక్షి: ఆదోని, ఎమ్మిగనూరు దళితులకు న్యాయం ఎంత దూరం?

చట్టం ముందు అందరూ సమానమేనని రాజ్యాంగం 14వ అధికరణ చెబుతుంది. కానీ కోర్టుకు పోవాలంటే బస్సు ఛార్జీ కావాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి, వాయిదా నాటికి ఊళ్లో ఉండాలి. పశ్చిమ కర్నూలు దళిత కూలీలకు ఈ మూడూ కష్టమే.

దూరం, వలస

ఆదోని నుంచి జిల్లా కేంద్రం కర్నూలుకు ఎమ్మిగనూరు మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి ఏటా వేల మంది గుంటూరు వైపు మిరప, పత్తి పనులకు పోతారు. ఇక్కడి మాటలో అది సుగ్గికి పోవడం. సమన్లు వచ్చేసరికి సాక్షి ఇంటికి తాళం ఉంటుంది. ఊళ్లోనే ఉన్న సాక్షికి మరో చిక్కు. నిందితుడి పొలంలోనే కూలి, అతని దగ్గరే అప్పు అయితే ‘రాజీ’ మాటను కాదనడం తేలిక కాదు.

జామీను ఎవరికి?

దళితుడే నిందితుడైతే ఆస్తి కాగితాలున్న జామీనుదారు దొరకాలి. భూమి లేనివాడు జైల్లోనే ఉండిపోతాడు. 1978లో మోతీరామ్ కేసులో, ఒక పేద తాపీ మేస్త్రీని 10,000 రూపాయల జామీను అడగడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆస్తి వేరే జిల్లాలో ఉందని జామీనుదారును తిరస్కరించడం కూడా చెల్లదంది.

చుండూరు చెప్పేది

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టును తమ ఊరికే తెచ్చుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. కోర్టు దగ్గరికి వస్తే సాక్షులు నిలబడతారని మొదటి తీర్పు చూపింది. అప్పీలు దాకా పోరాడే స్తోమత లేకపోతే గెలుపు నిలవదని రెండోది చూపింది.

చట్టంలో ఉన్నవి

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989), 1995 నిబంధనల ప్రకారం:

• డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి.

• ఛార్జిషీటు వేశాక వీలైనంత వరకు 2 నెలల్లో విచారణ ముగించాలి (సెక్షన్ 14).

• బెయిలు సహా ప్రతి విచారణ గురించీ బాధితులకు ముందే తెలియజేయాలి, వాళ్ల మాట వినాలి (సెక్షన్ 15ఎ). ఇది తప్పనిసరని 2021లో హరిరామ్ భాంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

• బాధితులకు, సాక్షులకు రానుపోను ఛార్జీలు, వ్యవసాయ కూలీ కనీస వేతనానికి తగ్గని రోజు భత్యం, భోజన ఖర్చు ఇవ్వాలి. 3 రోజుల్లోపు చెల్లించాలి. స్త్రీలు, 60 ఏళ్లు దాటినవారు తోడు మనిషిని తెచ్చుకోవచ్చు (11వ నిబంధన).

• కావాలని విధులు నిర్వర్తించని అధికారిపై చర్య తీసుకోవచ్చు (సెక్షన్ 4).

ఆదాయంతో పనిలేకుండా ఎస్సీ, ఎస్టీలందరికీ 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచిత న్యాయవాది దొరుకుతారు. న్యాయ సహాయానికి 15100, అట్రాసిటీ ఫిర్యాదుకు 14566 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

కార్యకర్తలు చేయాల్సింది

11వ నిబంధన సొంతూరి నుంచే కాదు, ఉంటున్న చోటు నుంచి కూడా ఛార్జీలు ఇవ్వమంటుంది. అంటే గుంటూరు మిరప చేలో ఉన్న సాక్షికీ అది వర్తిస్తుంది. కాబట్టి సుగ్గికి బయలుదేరక ముందే సాక్షి ఉండబోయే చోటు, ఫోన్ నంబరు దర్యాప్తు అధికారికి, ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. కోర్టుకు హాజరైన రోజే భత్యం కోసం అర్జీ పెట్టాలి. 3 రోజులు దాటితే కలెక్టర్‌కు రాసి, నకలు దాచుకోవాలి.